నోటుకి కాలదోషం పట్టింది, మొహం మాత్రం చెల్లడం లేదు

ప్రశ్న:

నమస్తే అమ్మా. నా వయసు 52. మాది తెనాలి దగ్గర ఒక పెద్ద ఊరు. బజార్లో ఫ్యాన్సీ షాపు ఉండేది. దాంతోపాటు 14 ఏళ్ళు చీటీలు నడిపాను. లక్ష చీటీలు, రెండు లక్షల చీటీలు. అన్నేళ్ళలో ఎవరికీ ఒక్క రోజు ఆలస్యంగా ఇచ్చింది లేదు. 2017లో చేతిలో డబ్బు ఊరికే ఎందుకుండాలని రాజధాని వైపు స్థలాలు కొన్నాను. 2019 చివర్లో మూడు రాజధానులన్నారు. కొనేవాడు లేకుండా పోయాడు. అదే సమయంలో చీటీ పాడుకున్నవాళ్ళు ఇద్దరు కట్టడం మానేశారు. దొరికిన రేటుకి స్థలాలు అమ్మి కొందరికి సర్దాను. ఇక నావల్ల కాక 2020లో సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు రాత్రి భార్యని, అమ్మాయిని తీసుకుని హైదరాబాద్ వచ్చేశాను.

ఇంకా 43 మందికి 27 లక్షలు ఇవ్వాలి. వాళ్ళలో 11 మందికి 2019లో ప్రామిసరీ నోట్లు రాసిచ్చాను. మిగతా 32 మంది దగ్గర చీటీ పుస్తకం తప్ప ఏమీ లేదు. పూలమ్మే ఆవిడ, రిటైరైన కండక్టరు గారు, అంగన్‌వాడీ ఆయా, ఇలాంటివాళ్ళు. ఇక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, జీతం 24 వేలు. 2021లో మా అమ్మ కరోనాతో పోయింది. పెద్దకొడుకుని నేను, వెళ్ళలేకపోయాను. తమ్ముడే తల కొరివి పెట్టాడు. రాజధాని దగ్గర 150 గజాలు మా ఆవిడ పేరు మీద మిగిలింది, అమ్మాయి పెళ్ళికని ఉంచాం, ఇప్పుడు మళ్ళీ రేటు వచ్చి 20 లక్షల దాకా పలుకుతుందంటున్నారు. నా పాత సిమ్ము ఇంకా నా దగ్గరే ఉంది. రీచార్జ్ చేయిస్తూనే ఉన్నాను. ఎప్పుడైనా రాత్రిపూట ఫోన్లో వేసి చూసి, తీసేస్తాను.

ఒక లాయరుని అడిగితే, నోట్లకి కాలదోషం పట్టింది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు, ధైర్యంగా ఉండమన్నాడు. వచ్చే నెల మా తమ్ముడి కొడుకు పెళ్ళి. ఇన్నేళ్ళయింది, ఎవరికి గుర్తుంటుంది, వెళదాం అంటుంది మా ఆవిడ. తమ్ముడేమో “నువ్వు రాకపోతేనే మంచిది అన్నయ్యా” అన్నాడు. అప్పట్నుంచీ నిద్ర లేదు. మొహం చెల్లక ఇన్నాళ్ళూ పోలేదు. ఇంకా ఎన్నాళ్ళు? తప్పు నాదొక్కడిదేనా? ఆ ఇద్దరూ కట్టి ఉంటే, రాజధాని కదలకుండా ఉంటే ఇలా అయ్యేదా? మా ఊళ్ళో నేను మళ్ళీ ఒక మనిషిలా తిరగగలనా?

పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అమ్మగారి దగ్గర ఆగిపోయాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను, ఉద్యోగంలో అబ్బిన అలవాటు. ఈసారి పెన్సిలు ఆగింది 150 గజాల దగ్గర. అమ్మగారి చావుకీ పాత సిమ్ముకీ మధ్య ఒక్క వాక్యంలో, ఎవరి కంటా పడకుండా దాటించినట్టు రాశారు. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు పెళ్ళి సంగతి, ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు కాబట్టి. వెళ్ళకండి. పెళ్ళి పందిట్లో మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. వెళ్ళొద్దంటున్నది అందుకే. శుభకార్యం, ఆడపెళ్ళివారు వచ్చి ఉన్నారు, ఇప్పుడు రచ్చ ఎందుకని అందరూ నోరు మూసుకుని అక్షింతలు వేసి, మీరున్న బంతిలో కాకుండా తర్వాతి బంతిలో భోంచేసి వెళ్ళిపోతారు. మీరు దాన్ని ఊరు రానిచ్చింది అనుకుంటారు. మీరు బస్సెక్కిన మర్నాడు వాళ్ళంతా మీ తమ్ముడి గుమ్మంలో ఉంటారు. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం ఎంతమంది ఎక్కారో మీరు రాయలేదు. ఆయన మీకు చెప్పి కూడా ఉండడు. “రాకపోతేనే మంచిది” అన్న మాట మీకు కోపంలా వినబడింది. నాకు అలసటలా వినబడింది.

ఇక మీ లాయరు మాట. అబద్ధం కాదు. నేను 31 ఏళ్ళు సివిల్ కోర్టు ఆఫీసులో పనిచేశాను, నా చేతుల మీదుగా వెళ్ళిన కాగితాల్లో నోటు దావాలే ఎక్కువ. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, కింద సాక్షులు, వెనకవైపు ఎప్పుడెంత ముట్టిందో రాసిన చెల్లు. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి. లేదంటే ఆలోపే చెల్లు వేయించుకోవాలి, నోటు తిరగరాయించుకోవాలి. 1963 నాటి లిమిటేషన్ చట్టం చెప్పేది అదే. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేయమంది కాబట్టి, మీ 2019 నోట్లకి ఇంచుమించు ఇంకో రెండేళ్ళు కలిశాయి. అవీ అయిపోయాయి. నోటు మీద మీపై దావా ఇక నిలవదు.

కానీ కాలదోషం పట్టేది దావాకే, అప్పుకి కాదు. ఈ తేడా కోర్టు మెట్లెక్కినవాళ్ళకి కూడా చాలామందికి తెలియదు. రేపు మీరు వెళ్ళి ఒకరి బాకీ తీర్చి, ఎల్లుండి “అయ్యో, కాలదోషం పట్టింది కదా, నా డబ్బు నాకిచ్చేయండి” అంటే కోర్టు ఇప్పించదు. ఎందుకంటే అది మీరు ఇవ్వాల్సిన డబ్బే. ఇంకోటి కూడా ఉంది. ప్రతిఫలం లేకుండా ఇచ్చిన మాటని చట్టం మామూలుగా ఒప్పుకోదు. అయినా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో, కాలదోషం పట్టిన బాకీని ఇస్తానని రాసి సంతకం పెడితే ఆ కాగితం చెల్లుతుందని ప్రత్యేకంగా చెప్పారు. అంటే వెనక్కి రావాలనుకునేవాడి కోసం 150 ఏళ్ళ కిందటే తలుపు కాస్త తీసి ఉంచారన్నమాట. మీ లాయరు ఆ తలుపు చూపించలేదు. ఆయన తప్పేం లేదు, మీరు అడిగింది అది కాదు కదా.

ఆయన చెప్పాల్సింది మరొకటి ఉంది, ఇది కాస్త భయపెట్టేదే. గడువు సివిల్ దావాకి. చీటింగ్ కేసుకి, పాత ఐపీసీ 420కి, ఇన్నేళ్ళలోపే పెట్టాలన్న గడువు లేదు. పైగా రిజిస్టర్ చేయకుండా చీటీ నడపడమే 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద నేరం. మీమీద 2020లోనే కేసు అయి ఉండొచ్చు, మీకు తెలియకపోయి ఉండొచ్చు. ముందు తెనాలిలో ఒక లాయరుని పెట్టుకుని అది కనుక్కోండి. ఉందని తెలిస్తే ముందస్తు బెయిల్ సంగతి ఆయన చూస్తారు. డబ్బు ముట్టాక కోర్టు అనుమతితో రాజీ పడడానికి 420 సెక్షన్‌లో వీలుంది. ఇది తేలకుండా ఊళ్ళో అడుగు పెట్టకండి.

తప్పు నాదొక్కడిదేనా అని అడిగారు. రాజధాని దగ్గర మొదలుపెడదాం. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట రావడానికి మీరు కారణం కాదు. రేట్లు పడిపోవడానికీ కాదు. 29 ఊళ్ళ రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చి వాళ్ళూ ఆ రోజు అలాగే కూలబడ్డారు. కాకపోతే వాళ్ళు పెట్టింది వాళ్ళ పొలం. మీరు పెట్టింది ఎవరిది?

“చేతిలో డబ్బు ఊరికే ఎందుకుండాలని” అని రాశారు. చీటీ డబ్బు ఊరికే ఉండదండీ. లక్ష చీటీ అంటే 20 మంది, నెలకి 5 వేలు. వసూలైన లక్షలో పాటలో తగ్గించుకున్నది అందరికీ పంచి, మీ కమీషన్ మీరు తీసుకుని, మిగతాది ఆ నెల పాడుకున్నవాడి చేతిలో పెట్టాలి. నెల తిరిగేసరికి మీ దగ్గర మిగిలే రూపాయి అందులో లేదు. స్థలాలు కొనేంత డబ్బు మీ చేతిలో ఆడిందంటే, ఎవరిదో మీ దగ్గర ఆగి ఉందన్నమాట. ఎవరిది ఆగుతుందో నాకు తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. పాడుకోకుండా చివరి నెలదాకా వచ్చి, “ఇప్పుడేం అవసరం లేదులే బాబూ, నీ దగ్గరే ఉండనీ, పిల్ల పెళ్ళికి తీసుకుంటా” అనేవాళ్ళది. బ్యాంకుకి వెళితే ఫారం నింపాలని, ఇంట్లో ఉంటే మొగుడు తాగేస్తాడని మీ దగ్గర పెట్టేవాళ్ళది. మీ ఉత్తరంలోని ఆ 32 మందీ ఎక్కువగా వాళ్ళే అయి ఉంటారు.

ఇక కట్టడం మానేసిన ఆ ఇద్దరు. వాళ్ళది తప్పే. వెళ్ళి అడగండి, హక్కుంది. కానీ పూలమ్మే ఆవిడకి వాళ్ళు బాకీ లేరు, మీరు బాకీ. వాళ్ళు కట్టకపోతే మీరు కడతారనే కదా మీకు కమీషన్ ఇచ్చింది. రిజిస్టర్ అయిన చీటీకి చట్టం 5 శాతం, 2019 సవరణ తర్వాత 7 శాతం దాకా కమీషన్ ఒప్పుకుంటుంది, బదులుగా రిజిస్ట్రార్ దగ్గర సెక్యూరిటీ పెట్టమంటుంది. మీరు కమీషన్ తీసుకున్నారు, సెక్యూరిటీ పెట్టలేదు. వాళ్ళకున్న సెక్యూరిటీ ఒక్కటే, మీ మొహం. పొద్దున షాపు తీసేటప్పుడు ఎదురుగా కనబడే ఆ మొహం చూసి 14 ఏళ్ళు కట్టారు. ఒక రోజు పొద్దున అది లేదు.

డబ్బు పోయినందుకు ఊరు తిడుతుంది, కొన్నాళ్ళకి ఊరుకుంటుంది. మా కృష్ణా, గుంటూరు వైపు ఐపీ పెట్టడం అన్న మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1920 నాటి దివాలా చట్టం అది, 500 రూపాయల అప్పుంటే చాలు పిటిషన్ వేయొచ్చు. ఐపీ పెట్టినవాణ్ణి నానా మాటలూ అంటారు. అయినా అతని పిటిషన్‌కి అప్పుల పట్టీ ఒకటి జత చేసి ఉంటుంది, ఎవరికి ఎంత అని. మా ఆఫీసుకి వచ్చి ఆ పట్టీలో తమ పేరుందో లేదో చూపించమని అడిగేవాళ్ళు. పేరు కనబడితే ఒక రకంగా ఊపిరి పీల్చుకునేవాళ్ళు, డబ్బు రాదని తెలిసినా సరే. నా డబ్బు ఇవ్వాలని వీడు ఒప్పుకున్నాడు అన్న తృప్తి అది. మీ 43 మందికి ఆ పట్టీ కూడా లేదు. స్విచాఫ్ అని చెప్పే ఫోన్ నంబరు ఉంది.

మా అమ్మకీ ఒక చీటీ పోయింది. 1983లో. నెలకి 50 రూపాయలు, 17 నెలలు కట్టింది, 850. నడిపినాయన చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సెలవులు, నేను ఇంట్లోనే ఉన్నాను. చేతిలో చిన్నపిల్లలు రాసుకునే నోటుపుస్తకం, నూనె మరకలతో. “మీకు 850 ఇవ్వాలక్కయ్యగారూ. ఇవాళ 40 తెచ్చాను” అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి పది రూపాయల నోట్లు నాలుగూ తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది. నాలుగు నోట్లకి రెండుసార్లు. లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టెలోంచి పాత చీటీ పుస్తకం తీసింది. ఆరేళ్ళు దాచిందని మాకెవరికీ తెలియదు. 17వ వాయిదా కింద గీత గీసి 40 అని రాసింది. కూర్చోమనలేదు. చెంబుతో నీళ్ళు మాత్రం ఇచ్చింది.

అతను నెలనెలా వచ్చేవాడు. ఒకసారి 40, ఒకసారి 25, ఒకసారి ఊరికే వచ్చి “ఈ నెల లేవు” అని చెప్పి వెళ్ళాడు. మజ్జిగ గ్లాసు ఏ ఐదోసారో ఆరోసారో వచ్చింది. మా నాన్న మాత్రం బాకీ మొత్తం తీరాక కూడా అతనితో మాట్లాడలేదు, ఎదురొస్తే వీధి ఆ పక్కకి మారేవాడు, పోయేదాకా అంతే. ఒకే ఇంట్లో ఒకరు మజ్జిగ ఇచ్చారు, ఒకరు వీధి మారారు. నా పెళ్ళికి అరిసెలు వండడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఆయన భార్య ఉంది. ఎవరు పిలిచారో నాకు ఇప్పటికీ తెలియదు. క్షమించాం అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు.

అందుకే మళ్ళీ మనిషిలా తిరగగలనా అన్న ప్రశ్నకి ఊరి తరఫున నేను జవాబివ్వలేను. కొందరు రానిస్తారు, కొందరు రానివ్వరు, ఎవరు ఏ వరసలో వస్తారో మీరు ఊహించలేరు కూడా. కానీ పట్టీ రాయడం పూర్తిగా మీ చేతిలో ఉన్న పని. 43 పేర్లు, ఒక్కొక్కరికీ ఎంత, ఆఖరిసారి వాళ్ళు కట్టింది ఎప్పుడు, వాళ్ళ దగ్గర కాగితం ఉందా లేదా. ఈ మధ్యలో పోయినవాళ్ళుంటే వాళ్ళ భార్య పేరో, భర్త పేరో, పిల్లల పేర్లో రాయండి. కరోనా దాటి వచ్చిన ఏళ్ళు ఇవి, 43 మందీ ఉండకపోవచ్చు.

పట్టీలో వరస ముఖ్యం. పెద్ద నోరున్నవాళ్ళకి ముందు సర్దడం చీటీలవాళ్ళందరికీ అలవాటే. స్థలాలమ్మి “కొందరికి సర్దాను” అని మీరూ రాశారు. ఆ కొందరు ఎవరు? షాపు మీదకి మనుషుల్ని తీసుకొచ్చినవాళ్ళా, పూలమ్మే ఆవిడా? నాకు చెప్పక్కర్లేదు. ఈసారి మాత్రం కాగితం లేనివాళ్ళని, చిన్న బాకీలవాళ్ళని ముందు పెట్టండి. నోట్లున్న 11 మంది గొడవ చేస్తారు. చేయనీయండి, వాళ్ళకి కొత్తగా రాసివ్వండి. అయితే ఒక జాగ్రత్త. 25వ సెక్షన్ కింద మీరు రాసిచ్చే కాగితంతో మళ్ళీ దావా హక్కు పుడుతుంది. తీర్చగలిగిన తేదీలే రాయండి, ఆవేశంలో సంతకాలు పెట్టకండి. తప్పించుకున్న అప్పుకన్నా మళ్ళీ మాటిచ్చి తప్పిన అప్పుని ఊరు ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది.

పెద్దమనుషుల్లో పెట్టి రూపాయికి 40 పైసలకి సెటిల్ చేయిస్తామని కొందరు వస్తారు, చూస్తూ ఉండండి. వాళ్ళ కమీషన్ వాళ్ళకుంటుంది. వద్దు. అసలు మొత్తం ఇస్తాను, వడ్డీ ఇవ్వలేను, ఇన్నేళ్ళు పడుతుంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇచ్చే ప్రతి రూపాయీ ఫోన్‌పే లోనో బ్యాంకులోనో పంపండి, దాంతోపాటు వాళ్ళ చీటీ పుస్తకంలో రాయమని అడగండి. ఫోన్లో మెసేజ్ వచ్చినా పుస్తకంలో రాసుకున్నదే తృప్తి.

ఇప్పుడు ఆ 150 గజాలు. 20 లక్షలు వస్తాయంటున్నారు కదా. 27లో 20 పోతే 7 మిగులుతుంది. మీ జీతంలో నెలకి 5 వేలు తీస్తే 140 నెలలు, అంటే 11 ఏళ్ళ 8 నెలలు. అప్పటికి మీకు 64. కష్టమే, కానీ ముగింపు కనబడే లెక్క. స్థలం అమ్మకుండా అదే 5 వేలతో 27 లక్షలంటే 45 ఏళ్ళు. ఆ లెక్క పట్టుకుని ఊరికి వెళితే కుక్కలు కూడా నమ్మవు.

మీ ఆవిణ్ణి ఒప్పించండి అని నేను తేలిగ్గా అనలేను. స్థలం ఆవిడ పేరున ఉంది, రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర ఆవిడది. ఎవరి దగ్గరా ఒక్క వాయిదా తీసుకోకుండానే ఆ రాత్రి సామాను సర్దుకుని మీతో వచ్చింది. ఎవరికీ గుర్తుండదు అని ఆవిడ అంటోందంటే గుర్తుంటుందని ఆవిడకి తెలుసు కాబట్టే. మీరు నాకు రాసిన ఉత్తరం ఆవిడకి చూపించండి. నా జవాబు అక్కర్లేదు, మీరు రాసింది. 43 అన్న అంకె ఆవిడకి తెలుసో లేదో నాకు అనుమానంగా ఉంది. అమ్మాయిని కూడా కూర్చోబెట్టండి, పిల్ల కాదు కదా. సంబంధం కుదిరేముందు అవతలివాళ్ళు ఎంక్వైరీకి హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కి రారు. తెనాలిలో బస్సు దిగి మీ బజార్లో నాలుగు కొట్ల దగ్గర అడుగుతారు. ఆ కొట్లవాళ్ళలో మీ పట్టీలో ఉన్నవాళ్ళెంతమంది? స్థలం అట్టిపెట్టుకుని చేసే పెళ్ళికి ఆ జవాబు అడ్డొస్తుంది.

అంతా ఇవ్వలేం, పిల్ల పేరున ఐదు లక్షలు ఉంచుకుంటాం అని మీ ముగ్గురూ అనుకుంటే అది మీ ఇంటి నిర్ణయం, నేను తీర్పు చెప్పను. కానీ ఆ ఐదు లక్షలూ దాచి చెప్పకండి. “స్థలం అమ్మాం, ఇంత వచ్చింది, పిల్లకి ఇంత ఉంచాం, మిగతాది ఇదిగో” అని చెప్పండి. ఊరికి కోపం వస్తుంది. తర్వాత వేరేవాళ్ళ ద్వారా తెలిస్తే వచ్చే కోపం కన్నా అది తక్కువ.

మీ తమ్ముడి విషయంలో ఊరిది తప్పు, ఇది కూడా రాసి తీరాలి. షూరిటీ సంతకం పెట్టకపోతే అన్న చేసిన అప్పుకి తమ్ముడు బాధ్యుడు కాడు, చట్టంలోనూ కాదు, న్యాయంలోనూ కాదు. అయినా ఆయన్ని అడిగి ఉంటారు. అమ్మగారి దినకర్మల రోజున కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఆయన తన జేబులోంచి ఎవరికైనా ఇచ్చాడేమో కనుక్కోండి. ఇచ్చి ఉంటే మీ పట్టీలో 44వ పేరు ఆయనది. అన్నదమ్ముల మధ్య లెక్కలేంటి అంటాడు. రాయండి.

ఊరికి పెళ్ళయిన పది రోజులకి వెళ్ళండి, లాయరు సరేనన్నాకే. ఒక్కరే, పగటి బస్సులో, మామూలు రోజున. చేయి చేసుకుంటారని అనుమానం ఉన్న ఒకరిద్దరిని లాయరు ఆఫీసుకే పిలిపించి మాట్లాడండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మిగతావాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి. గుమ్మంలో నిలబడగానే క్షమించమని అడగకండి. క్షమించమంటే అవతలివాళ్ళు ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది, ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి మీద ఆ బరువు కూడా ఎందుకు? ముందు అంకె చెప్పండి. “అక్కా, నీకు 34 వేలు ఇవ్వాలి. ఇవాళ పది తెచ్చాను. మిగతాది ఫలానా నెలకి.” రాజధాని కథ చెప్పొద్దు, ఆ ఇద్దరి కథా చెప్పొద్దు. తిడితే వినండి. తలుపేసుకుంటే వచ్చే నెల మళ్ళీ వెళ్ళండి.

ఆ పాత సిమ్ము. ఇన్నేళ్ళు రీచార్జ్ చేయించారంటే మీలో ఒక మనిషి ఎప్పటికైనా వెళ్ళాలనే అనుకుంటున్నాడు. రాత్రిపూట కాదు, రేపు పొద్దున తొమ్మిదింటికి ఫోన్లో వేయండి, ఇక తీయకండి. ముందు తమ్ముడికి ఆ నంబరు నుంచే చేసి, పెళ్ళికి రావడం లేదని, పిల్లల్ని మనసారా దీవిస్తున్నానని చెప్పండి. ఆ తర్వాత మీకు ఫోన్లు రావు. ఆ నంబరు పనిచేస్తుందని ఎవరికీ తెలియదు, చేసి చేసి ఎప్పుడో మానేసి ఉంటారు. మీరే చేయాలి. లాయరు నుంచి కబురు రాగానే, చీటీ పుస్తకం తప్ప ఏమీ లేని ఆ 32 మందిలో అందరికన్నా తక్కువ బాకీ ఎవరికో చూసి, వాళ్ళకి చేయండి.